ఆదోనికి చేరని అగ్గిపెట్టె

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకొని బతుకుతున్నాను. మాటవరసకు అందరూ అనే మాటే ఇది. నా విషయంలో మాత్రం అక్షరాలా నిజం. నా అబద్ధం కడుపు గురించే పుట్టింది, ఒక కడుపునే తినేసింది. మా నాన్నకు చెప్పలేదు. కట్టుకున్నాయనకు చెప్పలేదు. ఎవరికి చెప్పాలో ఆమెకు అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతుందేమోనని ఆశ. విషయం కొంచెం అసహ్యంగా ఉంటుంది. ముక్కు మూసుకున్నా సరే, చెవులు మాత్రం మూసుకోకండి.

మాది ఎమ్మిగనూరు. నాన్న నూలుకు రంగులద్దే షెడ్డులో కూలి. ఆయన చేతులు ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి. అమ్మ ముఖం నాకు గుర్తు లేదు. నన్ను పెంచింది అక్క. నాకన్నా పదేళ్లు పెద్దది, అంతే. కానీ నాకు తల దువ్వింది ఆమే, బడికి పంపింది ఆమే, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ ఆమే. వానలు మొదలవగానే వేపాకు నూరి ఉండలు చేసేది. నేను పరుగెత్తేదాన్ని. పట్టుకొని, కాళ్ల మధ్య ఇరికించుకొని, నోట్లో వేసేది. "పురుగులు సస్తాయి, మింగు" అనేది. మింగాక బెల్లం ముక్క. నా కడుపు శుభ్రంగా ఉందంటే అది ఆమె చలవే. ఈ మాట ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

అక్కకు పెళ్లయింది. నందవరం దగ్గర ఒక పల్లె, కాలవ కింద కొంచెం మడి ఉన్న ఇల్లు. బావ మంచివాడే. ఆ మంచితనం కూడా నాకు కంటగింపుగానే ఉండేది, ఎందుకంటే ఆయన చెడ్డవాడైతే అక్క తిరిగొచ్చేస్తుంది కదా అని లోలోపల ఒక లెక్క. ఆమె వెళ్లాక ఇల్లంతా బోసిపోయింది. ఆమె వదిలేసి వెళ్లిన పాత ఓణీని దిండు కింద పెట్టుకొని పడుకునేదాన్ని. అందులో ఆమె వాసన పోయేదాకా పెట్టుకున్నాను, పోయాక కూడా పెట్టుకున్నాను. బడి నుంచి వచ్చేటప్పుడు నందవరం బస్సు నిలబడి ఉంటే దిగేవాళ్ల ముఖాలు చూసేదాన్ని. ఆమె వస్తుందని కాదు. అలా చూడటం అలవాటైపోయింది.

అలా చూస్తున్న రోజుల్లోనే ఒకనాడు నిజంగానే దిగింది. బావ చేయి పట్టుకొని దించాడు. గుర్తుపట్టలేకపోయాను. పెదవులు తెల్లగా పాలిపోయాయి. నాలుగు అడుగులు వేసి ఆయాసపడింది. తింటే కడుపులో మంట, తినకపోతే మంట. దొంగతనంగా సుద్దముక్కలు నములుతోందని మరునాడే కనిపెట్టాను. నాన్న తల పట్టుకున్నాడు. నేనేం చేశానో తెలుసా? ఆ రోజు ఆమె పక్కన చాప వేసుకొని, ఆమె మీద కాలు వేసి, హాయిగా నిద్రపోయాను. ఆమె జబ్బుతో వచ్చింది, నాకేమో పండగలా ఉంది. నా నేరం అక్కడే మొదలైందేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది. కానీ సంతోషపడటం నేరమా? అది కాదు. తర్వాతది నేరం.

డెబ్భైలు సగం దాటిన కాలం. ఆదోనిలో ఒక డాక్టరు దగ్గర సూక్ష్మదర్శిని ఉందని, కడుపు జబ్బులు బాగా చూస్తాడని అందరూ అనేవారు. నాన్న అక్కను తీసుకెళ్లాడు, తోడు నేనూ వెళ్లాను. డాక్టరు కనురెప్ప కిందికి లాగి చూశాడు, గోళ్లు చూశాడు. మడిలో చెప్పులు లేకుండా దిగుతావా అని అడిగాడు. మడిలోకి చెప్పులెవరు వేసుకొస్తారు సార్ అని అక్క నవ్వింది. ఆయన నవ్వలేదు. దొడ్డికి పరీక్ష చేయాలి, రేపు పొద్దున్నే తెండి అన్నాడు. దేంట్లో తేవాలో బయట కాంపౌండరు చెప్పాడు. అగ్గిపెట్టెలో. అప్పట్లో మా వైపు అందరూ అలాగే తెచ్చేవాళ్లు. పుల్లలు తీసేసి, లోపల కాగితం పరిచి, అందులో పెట్టి మూసెయ్యడమే.

మరునాడు అక్కకు బస్సెక్కే ఓపిక లేదు. నాన్నకు షెడ్డులో రంగు కాగుతోంది, వదిలి రాలేడు. నాకు పదహారేళ్లు. పదో తరగతి రాసి ఖాళీగా ఉన్నాను. అక్క అగ్గిపెట్టెను పాత కాగితంలో చుట్టి, దారం కట్టి, నా చేతిలో పెట్టింది. సిగ్గుతో ఆమె ముఖంలో కొంచెం రంగు వచ్చింది కూడా. "యాడా తెరవొద్దు, ఎవురికీ సూపొద్దు" అంది.

ఆదోని బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. సంచిలో పెడితే నలిగిపోతుందని భయం, ఒళ్లో పెడితే ఎవరైనా చూస్తారని భయం. పిడికిట్లో పట్టుకున్నాను. చేతికి చెమట. బస్సు కుదుపులకు దారం జారిందో, కాగితమే చిరిగిందో తెలియదు, పెట్టె మీది బొమ్మ బయటపడింది. వెనక సీట్లో తలపాగా పెద్దాయన ఒకరు చెవిలో బీడీ పెట్టుకొని కూర్చున్నాడు. ముందుకు వంగాడు.

"పాపా, ఆ అగ్గిపెట్టె ఇట్లియ్యమ్మా. బీడీ ముట్టిచ్చుకోని ఇస్తా."

"లేదు" అన్నాను.

"సేతిలో పెట్టుకోని లేదంటాండావే! ఒక పుల్లే గదమ్మా."

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఒకామె, ఇయ్యరాదా పిల్లా, ముసలాయన అడుగుతాంటే, అంది. ఆయన చేయి నా భుజం మీదుగా ముందుకొచ్చింది. ఆ చేయి పెట్టెను అందుకుంటుందని, అందరి ముందూ తెరుస్తాడని, అందులో ఉన్నది నాదే అనుకుంటారని... నా తల పనిచేయలేదు. పిడికిలి కిటికీ బయట పెట్టి వదిలేశాను.

"యాలప్పా, పుల్ల అడిగితే పెట్టెకు పెట్టే ఇసిరేస్తివే!" అని ఆయన పకపకా నవ్వాడు. బస్సంతా నవ్వింది. ఇప్పుడు ఎవరైనా ఇది కథగా చెబితే నేనూ నవ్వుతాను. నవ్వొచ్చే సంగతే మరి.

ఆదోని బస్టాండులో దిగాను. ఉత్త చేతులతో ఇంటికెలా పోవాలి? పారేశానని చెబితే నాన్న తిడతాడు, తిడితే తిట్టనీ, అక్క రేపు మళ్లీ ఆ సిగ్గంతా పడి ఇంకో పెట్టె సిద్ధం చేయాలి, నేను మళ్లీ అదే బస్సెక్కాలి. ఎక్కలేననిపించింది. అంగడిలో కొత్త అగ్గిపెట్టె కొన్నాను. పుల్లలు కాలవలో గుమ్మరించాను. దూది మిల్లు ప్రహరీ వెనక కంపచెట్లున్నాయి, ఆడవాళ్లు వెళ్లే చోటు. అక్కడికి వెళ్లాను. ఇంతకంటే విడమర్చి చెప్పను, మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ పెట్టెను తీసుకెళ్లి అక్క పేరు చెప్పి కాంపౌండరుకు ఇచ్చాను.

మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చున్నాను. డాక్టరు పిలిచాడు. పురుగుల గుడ్లేమీ కనపడలేదన్నాడు. ఆయనకే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది, ఇంకోసారి అడిగాడు, ఇది మీ అక్కదేనా, ఈ పొద్దుటిదేనా అని.

చూశారా. దేవుడు అక్కడ నాకొక తలుపు తీసిపెట్టాడు. ఒక్క మాట చాలు. డాక్టరు ముందు సిగ్గేమిటి, రోజూ చూసే మనిషి. కసురుకొని, రేపు మళ్లీ తెమ్మనేవాడు. అంతే జరిగేది.

"అవును సార్" అన్నాను.

అయితే కడుపులో పుండు అయి ఉంటుందన్నాడు. దిగులుకూ కారానికీ వస్తుందన్నాడు. అప్పుడందరూ అలాగే అనేవారు. తెల్లమందు రాసిచ్చాడు. సోడా, సుద్ద కలిసిన మందు అది. కడుపులోని పులుపును చంపుతుంది, మంట తగ్గుతుంది. పాలు తాగాలి, ఎండుమిరపకాయ ముట్టకూడదు, మడిలో పని చేయకూడదు. ఆర్నెల్లు పుట్టింట్లోనే ఉంచండి అన్నాడు.

ఆర్నెల్లు పుట్టింట్లోనే. ఆ మాట విన్న క్షణాన నా గుండె ఎంత తేలికైందో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. అసహ్యించుకోండి. తిరుగు బస్సులో పాట కూడా పాడుకున్నాననుకుంటాను.

ఇంటికి వెళ్లేసరికి అక్క గడప మీద కూర్చొని ఎదురుచూస్తోంది.

"ఇచ్చినావా పాపా?"

"ఇచ్చినానక్కా."

"ఎవురన్నా సూసినారా బస్సులో?"

"ల్యా."

"ఏమన్యాడు డాక్టరు?"

"పురుగుల్లేవంట. పుండంట. నువ్వు ఈడే ఉండల్లంట."

ఆమె నా ముఖం వంక చూసి నవ్వింది. "పురుగుల్లేకుంటే ఈ మన్నెందుకు తినబుద్దయితాదే నాకు?" అంది. తర్వాత తనకు తానే సర్దిచెప్పుకున్నట్టు, "పెద్ద డాక్టరు అద్దంలో సూసినాడు గదా, ఆయప్పకు తెలీదా" అంది.

నమ్మింది. నన్ను నమ్మింది కాబట్టి అద్దాన్నీ నమ్మింది. మామూలుగా అయితే ఆమే వేపాకు నూరుకొని మింగేది, లేదా అంగట్లో పురుగుల మందు తెచ్చుకొని తాగేది. నా అబద్ధం ఆ దారి కూడా మూసేసింది.

నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. బస్సులో పారేసింది సిగ్గే. దానికి నన్ను నేను క్షమించుకోగలను, పదహారేళ్ల పిల్ల. బస్టాండులో చేసింది భయం. అదీ సరే. కానీ డాక్టరు అడిగినప్పుడు అవునన్నది ఏమిటి? ఇంటికొచ్చి అక్క కళ్లలోకి చూసి లేవన్నది ఏమిటి? ఆ తర్వాత రోజూ పొద్దునా సాయంత్రం తెల్లమందు గిన్నెలో పోసి నా చేత్తో తాగించింది ఏమిటి? అది సిగ్గూ కాదు, భయమూ కాదు. ఆమె నా దగ్గర ఉండాలి. అంతే. దానికి ప్రేమ అని పేరు పెట్టుకోవడానికి చాలా ప్రయత్నించాను, ఆ పేరు అతకలేదు.

తెల్లమందుతో మంట తగ్గింది. నీరసం తగ్గలేదు. ఆర్నెల్లు ఏడాదయింది. బావ నెలకోసారి వచ్చేవాడు, నందవరం బస్సులో, కూరగాయల సంచితో. ఒకసారి ఆమెను తీసుకెళ్లిపోతానని పట్టుబట్టాడు. పని చేయించను, ఊరికే కూర్చోబెట్టుకుంటానన్నాడు. అక్క లేచి చీర సర్దుకుంది. నేనే అడ్డం వెళ్లాను. "డాక్టరు ఒప్పుకోలేదు బావా, పుండు పగిలితే ఎవురు దిక్కు?" అన్నాను. పుండు పగలడమనే మాట ఎక్కడ విన్నానో కూడా తెలియదు. ఆయన భయపడిపోయాడు. అక్క మళ్లీ కూర్చుంది. ఆమె ఆ కూర్చోవడం నేను చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు.

తర్వాత ఆయన రావడం తగ్గింది. వాళ్ల పెద్దలు ఆయనకు ఇంకో పెళ్లి చేశారు. కబురు తెలిసిన రోజు అక్క ఏడవలేదు. నా జడ వేస్తూ ఉంది, వేయడం పూర్తిచేసింది. నేను మాత్రం ఆమెను వాటేసుకొని ఏడ్చాను. ఆ ఏడుపులో ఎంత బాధ, ఎంత ఊరట ఉన్నాయో వేరుచేసి చెప్పలేను. ఇక ఆమె ఎక్కడికీ పోదు. నేను కోరుకున్నదే జరిగింది.

నేను టీచరు శిక్షణ పూర్తిచేశాను. పెళ్లయింది. ఆదోనిలో కాపురం పెట్టాను, నాన్న పోయాక అక్కను నా దగ్గరికే తెచ్చుకున్నాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. అక్కను తల్లిలా చూసుకుంటోందన్నారు. నా పిల్లల్ని ఆమే పెంచింది. పక్కింటి మస్తానమ్మ బీబీతో గోడ మీదుగా మాట్లాడుతూ, "మా సెల్లెలే లేకుంటే నేనేమైపోదునో" అనేది. వంటింట్లో నాకు ఆ మాట వినపడేది. చేతిలో ఏ పని ఉంటే ఆ పని ఆగిపోయేది. తిట్టుంటే ఎంత బాగుండేది. తెల్లమందు మాత్రం మానలేదు. మంటొచ్చినప్పుడల్లా తాగేది, దాంతో ఆ రోజు గడిచేది.

ఎనభైలు సగమయ్యాయి. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి పెరట్లో పడిపోయి ఉంది. ఆసుపత్రిలో కుర్ర డాక్టరు, చదువు ముగించి కొత్తగా వచ్చినవాడు, అన్ని పరీక్షలూ మళ్లీ చేయించాడు. ఈసారి సీసా ఇచ్చారు, ఆమెదే ఇచ్చాం. కొంకిపురుగులు, ఏలికపాములు, రెండూ ఉన్నాయన్నాడు. ఎక్స్‌రే తీస్తే పుండూ ఉంది. ఒంట్లో రక్తమే లేదు, ఈమె ఎలా నడుస్తోందో నాకు అర్థం కావడం లేదన్నాడు. "ఇన్నేళ్లలో ఎవరూ పరీక్ష చేయించలేదా?" అని అడిగాడు. చేయించామని, లేవన్నారని చెప్పాను. రెండోసారి అదే అబద్ధం. ఈసారి నాకు పదహారేళ్లు కాదు.

ఆ కుర్రాడు ఓపికగా చెప్పేవాడు. నేను టీచరునని తెలిసి ఇంకా వివరంగా చెప్పాడు. కడుపులోని పులుపు కాపలాదారు లాంటిది, తిండితో నీళ్లతో లోపలికి వచ్చే చెడును అదే చంపుతుందన్నాడు. పుండు దిగులుతోనో కారంతోనో కాదు, కడుపు గోడలో కాపురముండే ఒక క్రిమి వల్ల వస్తుందని కొత్తగా అంటున్నారట. పెద్దవాళ్లు చాలామంది ఇంకా నమ్మడం లేదని కూడా అన్నాడు. ఆ క్రిమి ఏళ్ల తరబడి ఉంటే కొందరిలో పులుపు తగ్గిపోవచ్చు, పైనుంచి సోడామందు ఉన్నదాన్నీ చంపుతుంది, అప్పుడు లోపలికి వచ్చేవాటికి అడ్డుండదన్నాడు. కొంకిపురుగులు మాత్రం పాదాల్లోంచి ఎక్కుతాయి, అవి రక్తం తాగుతాయి. పుండూ రక్తం కారుస్తుంది. ఒకదానికొకటి తోడు.

"ముందు ఏది వచ్చింది డాక్టర్?" అని అడిగాను. అది తెలుసుకోవాలన్న ఆత్రం కాదు. పుండే ముందు, పురుగులు నిన్న మొన్న వచ్చినవే అంటాడేమోనని.

"ఎలా చెప్పగలమమ్మా. ఆ రోజు పరీక్షలో లేవన్నారు కాబట్టి తర్వాతే ఎక్కి ఉంటాయి" అన్నాడు.

నా అబద్ధమే నాకు సాక్ష్యమిచ్చింది. దాన్ని పట్టుకొని కొన్నేళ్లు బతికాను. ఆ క్రిమి మీద నేరం మోపాను. పురుగులు అప్పుడే బయటపడి ఉన్నా ఆ క్రిమి ఆమెను వదిలేది కాదేమో అనుకున్నాను. అది నిజమే కావచ్చు. కానీ పురుగుల మందు ఒక్క పూట పడుంటే, కొంచెం రక్తం పట్టుంటే, మడిలో బావ పక్కన ఇంకొన్నేళ్లు ఉండేది కదా? దీనికి ఏ డాక్టరూ నాకు జవాబు చెప్పలేడు, ఎందుకంటే అసలు ప్రశ్న ఏమిటో నేను ఏ డాక్టరుకూ చెప్పలేదు.

మందులిచ్చారు, రక్తం ఎక్కించారు. కొంచెం కోలుకుంది, మళ్లీ జారింది. ఇంటికి తెచ్చుకున్నాం. ఆ చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం మంచం మీద కూర్చోబెట్టి తల దువ్వుతున్నాను. వెంట్రుకలు దువ్వెనకే వచ్చేస్తున్నాయి, ఆమె చూడకుండా గుప్పిట్లో దాస్తున్నాను. బయట కూరగాయలమ్మే ఆమె కేకేసింది. ఆ కేక విని అక్క, బావ వాళ్ల మడిగట్టు మీద బెండకాయలు ఎలా కాసేవో చెప్పింది. ఎమ్మిగనూరులో ఉన్నన్నాళ్లూ తాను నందవరం బస్సు హారను వినపడితే గడప దాకా పోయి నిలబడేదాన్ననీ, ఆయన దిగుతాడేమోనని చూసేదాన్ననీ చెప్పింది. గాలికి నిలబడుతోందనుకునేదాన్ని నేను. అదే బస్సు కోసం ఒకప్పుడు నేనూ నిలబడ్డాను, అయినా నాకు తట్టలేదు. ఆమెకూ ఒక కోరిక ఉంటుందని, అది నేను కాదని, నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

"పాపా" అంది. "నాకు బాగుండింటే ఆడికి పోతాంటి గదా?"

నింద కాదు. ఊరికే అడిగింది. నా దగ్గర జవాబు ఉంటుందని చిన్నపిల్లలా అడిగింది.

"ఏమోక్కా" అన్నాను.

ఆమె వారం తిరగకుండానే పోయింది. బావ వచ్చాడు, మూలన నిలబడి పైగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు, వెళ్లిపోయాడు. ఆయనకూ నేను చెప్పలేదు.

ఇప్పుడు నాకు అప్పటి అక్క కంటే చాలా ఎక్కువ వయసు. ఆమె చేతులు కావాలనిపిస్తుంది. ఆ గొంతు కావాలనిపిస్తుంది. కాళ్ల మధ్య ఇరికించుకొని ఏదైనా చేదు మింగించమనిపిస్తుంది. అలా కోరుకునే హక్కు నాకుందా అని వెంటనే సిగ్గేస్తుంది. మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు. మీరు క్షమించినా అది నాకు చెందదు. ఆమె అడిగినదానికి జవాబు ఒకటి బాకీ ఉంది, అది మీ ముందు చెబుతున్నాను.

పోయేదానివే అక్కా. ఆ ఏడే పోయేదానివి. నేనే పోనియ్యలేదు.

రాశాను. ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ నీ కోసం ఎప్పుడు ఏడ్చినా ఏడుపు సగంలో ఆగిపోయేది. ఈసారి ఆగలేదు.